నల్ల గ్రానైట్ గట్టు పెచ్చు, సింక్ మూల పగులు, విరిగిన మార్బుల్ గడప: పెట్టిన లప్పం ఎందుకు ఊడుతోంది?

(రాతి మరమ్మతు గురించిన చర్చ ఇది. ప్రతి జవాబుకి పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు.)

గట్టుఅంచు:

వెండి చుక్కలున్న నల్ల గ్రానైట్ వంటగట్టు, మందం 18 మి.మీ. సింక్ ముందున్న అంచులో ఒక పెచ్చు లేచిపోయింది. పొడవు 14 మి.మీ., వెడల్పు 6, బాగా లోతున్న చోట 4. ఊడిన ముక్క లేదు. పాలియెస్టర్ లప్పంలో నల్లరంగు కలిపి ఒకసారి నింపాం. మూడు వారాలకి చుట్టూ సన్నటి గీత విడింది, తర్వాత గోరుతో లేపితే బిళ్లలా వచ్చేసింది. రంగు కూడా అంతే. తడిగా ఉన్నప్పుడు కలిసిపోయింది, బ్లేడుతో గీసి చదును చేశాక బూడిద మచ్చలా తేలింది.

ఆ పెచ్చుకి నాలుగు వేళ్ల దూరంలో, సింక్ కోత మూల నుంచి గట్టు ముందు అంచు దాకా వెంట్రుకంత గీత ఉంది. గోరుకి తగులుతోంది. అడుగున చూస్తే అదే దారిలో కింద కూడా ఉంది. అక్కడ సింక్ ముందు మిగిలిన రాయి 70 మి.మీ. వెడల్పే.

ఇది కాక తెల్ల మార్బుల్ గడప మూల 40 × 25 మి.మీ. ముక్క విరిగింది. ముక్క భద్రంగా ఉంది.

మూడింటికీ ఒకే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) పనికొస్తుందా? ముందు ఏది చెయ్యాలి?

రాతిమెరుగు:

ముందు పగులు, తర్వాత పెచ్చు. పగులు కదులుతున్నంత కాలం పక్కన పెట్టిన ఏ లప్పమైనా మళ్లీ విడుతుంది. పగులు సంగతి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి పెచ్చు గురించే చెప్తాను.

మీ లప్పం బిళ్లలా ఊడిందంటే అది గట్టిపడింది గానీ రాయిని పట్టుకోలేదన్నమాట. సింక్ పక్క రాయిలో తడి ఉంటుంది, నూనె ఉంటుంది, సబ్బు జిడ్డు ఉంటుంది. పైకి పొడిగా కనిపించినా విరిగిన ముఖం లోపల నీళ్లు పీల్చుకుని ఉంటుంది. పాలియెస్టర్‌కి తడి అస్సలు పడదు. దానికితోడు అది గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది. 4 మి.మీ. లోతు ఒకేసారి నింపితే ఆ లాగుడంతా అంచుల మీదే పడుతుంది. మీరు చూసిన సన్న గీత అదే. ఎపాక్సీ కుంచించుకోవడం చాలా తక్కువ, పట్టు ఎక్కువ. సింక్ దగ్గర పనికి ఎపాక్సీయే వాడండి.

సింక్ రెండు రోజులు వాడకుండా ఉంచండి. పాత లప్పం పొట్టు మిగిలితే సూదిమొనతో గీకి తీసెయ్యండి. తెల్లగుడ్డ అసిటోన్‌లో (జిడ్డు కరిగించే, త్వరగా ఆవిరయ్యే ద్రవం) తడిపి ముందు కనపడని చోట రుద్దండి. గుడ్డకి నలుపు అంటితే ఆ రాయికి నల్లరంగు పట్టించి అమ్మారని అర్థం. అప్పుడు అసిటోన్ పెచ్చు గుంట దాటి పైకి రాకూడదు, వస్తే చుట్టూ తెల్లబారిన మచ్చ పడుతుంది. నలుపు అంటకపోతే భయం లేదు. గుంటని రెండుమూడుసార్లు తుడిచి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో పది నిమిషాలు వెచ్చచెయ్యండి. రాయి చేతికి గోరువెచ్చగా ఉంటే చాలు. అసిటోన్ ఆవిరి పూర్తిగా పోయాకే ఆ యంత్రం పెట్టాలి. స్టవ్ ఆపేసి, కిటికీలు తెరిచి ఉంచాలి.

ఇక రంగు. చాలామంది తప్పేది ఇక్కడే. గ్రానైట్ ఒక రంగు కాదు. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ లాంటి స్ఫటికాల్లోకి వెలుతురు కొంత లోపలికి వెళ్లి తిరిగొస్తుంది. మీ రాయిలాంటి నల్లవాటిలో కూడా ఆ వెండి చుక్కలకి లోతు ఉంటుంది. దాని పక్కన పూర్తి నలుపు పేస్టు పెడితే గోడకి కొట్టిన రంగులా చదునుగా, చచ్చినట్టు ఉంటుంది. పారదర్శకమైన ఎపాక్సీలో అదే రాయి రవ్వ కలపండి. అదే జాతి వృథా ముక్కని గుడ్డలో చుట్టి సుత్తితో నలిపి, జల్లెడ పట్టి, ఆవగింజంత రవ్వ ఉంచుకుని పిండిలాంటి పొడి పారెయ్యండి. పొడి కలిపితే మొత్తం ఒకే బూడిదరంగుకి తిరుగుతుంది. నల్లరాయి పొడి రాయంత నల్లగా ఉండదు, నలిగేకొద్దీ తేలిపోతుంది. నలుపు కోసం ఎపాక్సీకి సరిపడే నల్లరంగు అగ్గిపుల్ల మొనతో అంటించినంత చాలు. మిశ్రమాన్ని గాజు ముక్క మీద రాసి వెలుతురు వైపు పట్టుకుంటే పొగ పట్టిన గాజులా కనపడాలి. అసలేమీ కనపడకపోతే రంగు ఎక్కువైంది.

పోలిక చూసేటప్పుడు పక్క రాయిని కూడా తడిపి చూడండి. పగటి వెలుగులో ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి.

కొలత దగ్గర ఒక మాట. ఎపాక్సీలో గట్టిపరిచే భాగం ఎక్కువ పోస్తే త్వరగా బిగుసుకోదు, ఎప్పటికీ మెత్తగా మిగిలిపోతుంది. పాలియెస్టర్‌కి అలవాటైన చెయ్యి ఇక్కడ దెబ్బతింటుంది. సీసా మీద 2:1 అని ఉంటే అది ఘనపరిమాణమో బరువో చదవండి. రెండు భాగాల సాంద్రత ఒకటి కాదు కాబట్టి ఆ రెండూ ఒకటి కావు. మీకు కావలసింది అర గ్రామే అయినా 10 గ్రాములు కలపండి, అంతకంటే తక్కువైతే చిన్న తేడా కూడా నిష్పత్తిని చెడగొడుతుంది. నగలు తూచే చిన్న త్రాసు ఉంటే మేలు. మూడు నిమిషాలు, అంచులూ అడుగూ గీకుతూ మెల్లగా కలిపి, ఇంకో కప్పులోకి వంచి మళ్లీ ఒక నిమిషం. మొదటి కప్పు గోడలకి అంటుకుని మిగిలిన కలవని భాగమే తర్వాత జిగటగా తేలుతుంది.

నింపడం ఇలా: గుంటకి రెండు వైపులా మాస్కింగ్ టేపు. గట్టు ముందు ముఖానికి నున్నటి ప్యాకింగ్ టేపు చుట్టిన చెక్క పట్టీ నొక్కి కట్టండి, ఎపాక్సీ ఆ టేపుకి అంటదు. రవ్వ లేని ఎపాక్సీ పల్చగా గుంటంతా రాశాక, రవ్వ కలిపింది పుల్లతో దించండి. సగం లోతు నింపి, అది వేలికి అంటుకునేంత జిగటగా ఉన్నప్పుడే మిగతా సగం. పైకి అర మిల్లీమీటరు ఉబ్బెత్తుగా ఉండాలి. బుడగలు వస్తే సూదితో గుచ్చితే పోతాయి. 24 గంటలు కదపొద్దు. గది 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే 48.

సన్నసందు:

పగులు గురించి. గీత రెండు ముఖాల్లోనూ ఉంది, గోరుకి తగులుతోంది, పైగా కోత మూల నుంచి మొదలైంది. కాబట్టి ఇది రాయిలో పుట్టుకతో ఉండే నర కాదు, భారానికి విరిగిందే. సింక్ కోత మూలలు గుండ్రంగా కాకుండా లంబకోణంలో కోస్తే ఒత్తిడంతా ఆ మూలలోనే చేరుతుంది. 70 మి.మీ. పట్టీ మీద చెయ్యి ఆనించి బరువు వేసినా, అడుగున ఆసరా లేకపోయినా పగులు అక్కడినుంచే బయల్దేరుతుంది.

అడుగున టార్చి వేసి తుప్పు చారలున్నాయేమో చూడండి. కొన్ని గట్లకి సింక్ ముందు, వెనక అడుగున గాడి తీసి ఇనుప ఊచ పెడతారు. నీళ్లు తగిలి ఊచ తుప్పు పడితే అది ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది, రాయిని లోపలినుంచి చీలుస్తుంది. ఏథెన్స్‌లోని ప్రాచీన పాలరాతి ఆలయం పార్థెనాన్‌కి జరిగింది కూడా ఇదే. ప్రాచీన గ్రీకులు ఇనుప బంధాల చుట్టూ సీసం పోసేవారు. 20వ శతాబ్దం తొలి దశకాల పునరుద్ధరణలో సీసం లేకుండా ఇనుము వాడారు, అది తుప్పుపట్టి పాలరాయిని పగలగొట్టింది. తర్వాతి పునరుద్ధరణలో వాటిని తీసి టైటానియం పెట్టాల్సి వచ్చింది. మీ గట్టులో తుప్పు ఊచ ఉంటే అది తీయకుండా పైన ఎంత అతికించినా దండగే.

తుప్పు లేకపోతే, అడుగున గీతకి రెండు పక్కలా చెక్క ముట్లు (కిందనుంచి ఎత్తి పట్టే ఆసరాలు) పెట్టి మెల్లగా బిగిస్తూ రెండు ముఖాలు ఒకే మట్టానికి తేవాలి. పగులు మీద అడ్డంగా బ్లేడు వెనక అంచు జరిపితే ఎక్కడా తట్టుకోకూడదు. ఈ పని ఎపాక్సీ పోయకముందే అయిపోవాలి. తర్వాత ఎత్తు తేడా సరిచెయ్యాలంటే గట్టంతా అరగదీయాలి.

ఆరబెట్టడం, అసిటోన్ పైన చెప్పినట్టే. అసిటోన్‌ని పగులులోకి చుక్కలుగా వదిలి అడుగునించి బయటికి రానివ్వండి, జిడ్డు దాంతోపాటు దిగుతుంది. ఆవిరంతా పోయాక అడుగున, ముందు ముఖాన టేపు గట్టిగా అంటించండి. దీనికి వాడే ఎపాక్సీ నీళ్లంత కాకపోయినా నూనెంత పల్చగా ఉండాలి. పెచ్చుకి వాడిన చిక్కటిది సందులోకి దిగదు. రాయి గోరువెచ్చగా ఉండగా ఒక చివర నుంచి వదులుతూ పోండి. సందు తనే పీల్చుకుంటుంది. రెండు చివర్ల నుంచి వదిలితే మధ్యలో గాలి చిక్కుతుంది. అరగంట పాటు అయిదేసి నిమిషాలకి చూసి, దిగిన చోట మళ్లీ నింపండి.

ఇలా అతికించినంత మాత్రాన ఆ పట్టీకి కొత్తగా బలం రాదు. అడుగున 50 మి.మీ. వెడల్పు గ్రానైట్ పట్టీ ఒకటి, పగులుకి రెండు వైపులా 150 మి.మీ. చొప్పున వచ్చేలా, చిక్కటి ఎపాక్సీతో అతికించి ముట్లు అలాగే 24 గంటలు ఉంచండి. రెండు ముఖాలూ గరుకుగా ఉండాలి. పాలిష్ ముఖానికి అతికిస్తే జారుతుంది. అమర్చి ఉన్న గట్టుకి అడుగున గ్రైండర్‌తో గాడి తీయాలని కొందరంటారు. 18 మి.మీ. రాయిలో, తలకిందులుగా, పగులు పక్కన ఆ పని చెయ్యొద్దు. అదిరితే పగులు పెరుగుతుంది.

సూపర్‌గ్లూతో పని కాదా అంటే, పూసగింజంత పెచ్చుకి సరే. కానీ అది పెళుసు. తడి, వేడి రెండూ ఉన్న చోట పగులుకి నిలవదు.

తెల్లగడప:

మార్బుల్‌కి వేరే లెక్క. ఒకే డబ్బాతో మూడు పనులూ ముగించాలనుకోవద్దు.

విరిగిన ముఖాలని గరుకు కాగితంతో రుద్దకండి. ఆ రవ్వలు ఒకదానిలో ఒకటి కూర్చుంటేనే గీత కనపడదు. రుద్దితే ముక్క సరిగ్గా కూర్చోదు. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, అసిటోన్‌తో తుడిచి, ఒక రోజు ఆరబెట్టండి. ముందు ఏమీ రాయకుండా పెట్టి చూసి, ఏ వాలులో దిగుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. రెసిన్ (అంటే ఎపాక్సీ గానీ పాలియెస్టర్ గానీ) రాశాక వెతుక్కునే సమయం ఉండదు.

గడప బాత్రూముది కాక పొడిగా ఉండే గదిదైతే నీళ్ల రంగు పాలియెస్టర్ బాగుంటుంది. 100 గ్రాములకి 2 నుంచి 3 గ్రాముల గట్టిపరిచే పేస్టు. ఎక్కువైతే వేడెక్కి పెళుసవుతుంది, పసుపు తిరుగుతుంది, తెల్లరాయిలో ఆ పసుపు దాగదు. మామూలు గది వేడిమిలో పది నిమిషాల లోపే బిగుసుకుంటుంది. తడి తగిలే గడపైతే ఎపాక్సీనే, కాకపోతే ఎండ పడితే అదీ కాలక్రమేణా పసుపు పట్టేదే. అంచుకి 3 మి.మీ. లోపలగా పల్చగా రాసి, ముక్కని నొక్కి, టేపు మూడు పట్టీలతో బిగించండి. మరీ పిండేసేంత బిగించొద్దు, రెసిన్ అంతా బయటికి వస్తే లోపల పొడి సందు మిగులుతుంది.

25 మి.మీ. ముక్కకి లోపల స్టీలు పుల్ల పెట్టక్కర్లేదు. అంత చిన్నదానికి రంధ్రం వేస్తే ముక్కే చిట్లుతుంది. అరచెయ్యంత ముక్క, కాలు పడే చోటైతే 3 మి.మీ. తుప్పుపట్టని స్టీలు పుల్లలు రెండు, 4 మి.మీ. రంధ్రాలు. డ్రిల్ సుత్తి పద్ధతిలో పెట్టకూడదు.

గీత దగ్గర చిన్న చిన్న రవ్వలు ఊడి ఉంటాయి. ఇక్కడ మాత్రం గ్రానైట్‌కి చెప్పినట్టు కాక, సన్న మార్బుల్ పొడే రెసిన్‌లో కలపొచ్చు. అయితే పొడి రెసిన్‌లో తడిసేసరికి తెలుపు తగ్గి నీళ్లరంగుకి తిరుగుతుంది. అందుకని టైటానియం తెలుపు చిటికెలో పదో వంతు కలపండి. మీ మార్బుల్ కాస్త పసుపుదైతే ఇనుప ఆక్సైడ్ పసుపు సూదిమొనంత.

నిమ్మరసం, వెనిగర్, ఆమ్లమున్న బాత్రూం క్లీనర్లు దగ్గరికి రానివ్వకండి. మార్బుల్ కాల్సైట్, ఆమ్లం తగిలిన చోట కరిగి మెరుపు పోతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ కూడా ఆమ్లమే వదులుతుంది, దాంతో గడప సందులు నింపొద్దు.

గట్టుఅంచు:

అందరికీ కృతజ్ఞతలండి. అడుగున తుప్పు చారలు లేవు, గాడి కూడా లేదు. ముట్లతో ఎత్తి చూస్తే రెండు పక్కలా సమంగా వచ్చింది. పెచ్చు దగ్గర చదును చెయ్యడమే అర్థం కావట్లేదు. క్రితంసారి గరుకు కాగితంతో రుద్దితే లప్పం గుంటపడింది, చుట్టూ ఉన్న గ్రానైట్ మెరుపు కూడా తగ్గింది.

రాతిమెరుగు:

గరుకు కాగితం మెత్తగా వంగుతుంది, రెసిన్ రాయి కంటే మెత్తన. వేలితో నొక్కి రుద్దితే మెత్తనిదే ముందు పోతుంది, అందుకే గుంట. చుట్టూ మెరుపు తగ్గడానికి కారణం కాగితం రాపిడే. కాగితం మీది రవ్వ పెద్దదైతే గ్రానైట్ మీద కూడా గీతలు పడతాయి.

24 గంటల తర్వాత కొత్త బ్లేడు తీసుకుని రాయికి నిటారుగా, 90 డిగ్రీల్లో పట్టుకుని, ఉబ్బిన రెసిన్‌ని పొరలు పొరలుగా లాగండి. బ్లేడు రెండు మూలలూ ముందుగా సానరాయి మీద కొంచెం అరగదీసి గుండ్రం చెయ్యాలి, లేకపోతే మూల దిగి గీత పడుతుంది. మార్బుల్ మీద ఈ జాగ్రత్త తప్పనిసరి, అది ఉక్కు కంటే చాలా మెత్తన. గ్రానైట్ మీద బ్లేడు వదిలిన నల్ల చారలు ఉక్కువే, గీతలు కావు, గట్టిగా తుడిస్తే పోతాయి. మట్టం దాకా ఇలా బ్లేడుతోనే రావాలి. ఆ తర్వాత గట్టి చెక్క ముక్కకి చుట్టిన డైమండ్ ప్యాడ్‌తో, నీళ్లు చిలకరిస్తూ, రెసిన్ ఉన్నంత మేరే 800, 1500, 3000 నంబర్లు వరసగా (నంబరు పెరిగేకొద్దీ ప్యాడ్ నునుపు). చుట్టూ రాయికి రెండు పొరల టేపు ఉంచండి. ఒక్కో ప్యాడ్ గీతలు తర్వాతి ప్యాడ్‌తో పూర్తిగా పోయాకే ముందుకెళ్లాలి. 800 గీత 3000తో పోదు.

మీకు బూడిద మచ్చలా కనిపించిన కారణం కూడా ఇదే. బ్లేడుతో గీసిన ముఖం గరుకుగా ఉండి వెలుతురుని చెదరగొట్టింది. రంగు తప్పు కాకపోవచ్చు. చుక్క నూనె రాసి చూడండి, నల్లబడితే మెరుగు పెట్టాల్సిందే తప్ప రంగు మార్చక్కర్లేదు. చూశాక నూనె సబ్బునీళ్లతో కడిగెయ్యండి.

ఇంకో ఉపాయం: చివరి పొర పోశాక దానిమీద పలచటి గట్టి ప్లాస్టిక్ పలక బుడగలు లేకుండా పరిచి వదిలేస్తే, తీసినప్పుడు ముఖం దానంతట అదే మెరుస్తూ వస్తుంది. చదునైన పైముఖానికి బాగా కుదురుతుంది, గుండ్రటి అంచుకి కుదరదు.

ఎప్పుడైనా పొడిగా గ్రైండర్ పెట్టి గ్రానైట్‌ని అరగదీయకండి. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది, వచ్చింది పోదు. తడిగా, చేత్తో చేస్తే పెచ్చు పనికి అంత దుమ్ము రాదు. రాయిని నలిపి రవ్వ చేసేటప్పుడు మాత్రం మాస్కు తప్పనిసరి, మామూలు గుడ్డ మాస్కు చాలదు. ఎపాక్సీ పచ్చిగా ఉన్నప్పుడు చేతులకి నైట్రైల్ తొడుగులు వేసుకోండి, ఒకసారి అలెర్జీ మొదలైతే తర్వాత కొంచెం తగిలినా చర్మం పాడవుతుంది.

మెట్టురాయి:

ఇదే పద్ధతి బయట ఇసుకరాతి మెట్టు ముక్కుకి (ముందు అంచుకి) పనికొస్తుందా? వాన, ఎండ రెండూ పడే చోటు. విరిగిన భాగం 120 మి.మీ. పొడవు, 30 లోతు.

తెల్లగడప:

పనికిరాదండి. ఇసుకరాయి నీళ్లు పీల్చి మళ్లీ ఆవిరిగా వదులుతుంది. ఎపాక్సీ బిళ్ల ఆ దారి మూసేస్తుంది, తడి, లవణాలు దాని వెనక చేరి పక్కరాయి పొరలుగా రాలుతుంది. సిమెంటు కూడా అంతే. రాయి కంటే గట్టి, పైగా తన లవణాలు రాతిలోకి వదులుతుంది. అతుకు నిలిచి చుట్టూ రాయి పోయిన మెట్లు అందుకే కనపడతాయి.

పాడైన రాయిని గట్టి రాయి తగిలే దాకా చెక్కి, గుంట నోటికంటే అడుగు కాస్త వెడల్పుగా ఉండేలా లోపలికి కోయండి. నీటిలో గట్టిపడే సహజ సున్నం 1 పాలు, అదే రాయి రవ్వ, ఇసుక కలిపి రెండున్నర నుంచి 3 పాళ్లు. రెసిన్‌కి రాయి ఆరాలి, సున్నానికి రాయి తడవాలి. తడిపి, పైన నీళ్లు నిలవకుండా చూసి, ఒక్కో పొర 10 మి.మీ. మించకుండా పెట్టండి. ఒక పొర బిగుసుకున్నాకే తర్వాతిది. తడి గోనెపట్టా కప్పి వారం దాకా ఎండ తగలనివ్వొద్దు. త్వరగా ఆరితే పొడిపొడిగా రాలుతుంది.

నిజానికి రోజూ కాలుపడే ముక్కు 30 మి.మీ. లోతున పోయిందంటే సున్నం కంటే రాతి అతుకే నయం. చదరంగా కోసి, అదే జాతి రాయి ముక్క కూర్చోబెట్టి, వెనక తుప్పుపట్టని స్టీలు పుల్లలు రెండు. కొత్త ముక్కలో పొరల వాలు పాత రాయిలో ఉన్నట్టే ఉండాలి. నిలువుగా పెడితే పేక ముక్కల్లా విడిపోతుంది.

గట్టుఅంచు:

చివరిగా ఒకటి. పని అయ్యాక సీలర్ (రాయి తడి, నూనె పీల్చకుండా రాసేది) ఎప్పుడు, గట్టు వాడకం ఎప్పుడు?

సన్నసందు:

సీలర్ ఎప్పుడూ చివరే. ముందే రాసుంటే ఎపాక్సీ పట్టదు. ఎపాక్సీకి పూర్తి బలం రావడానికి సుమారు 7 రోజులు, అప్పటిదాకా సింక్ ముందున్న ఆ రాతి పట్టీ మీద బరువు ఆనించొద్దు, ముట్లు తీసినా సరే. నీళ్లు 48 గంటల తర్వాత తగలొచ్చు. గాలిలో తేమ ఎక్కువుంటే ఎపాక్సీ ముఖం మీద మైనంలాంటి పొర తేలుతుంది, దాన్ని గోరువెచ్చటి నీళ్లతో కడిగి ఆరాకే సీలర్ రాయండి. రెసిన్ సీలర్‌ని పీల్చదు, అతుకు మీద మిగిలింది పది నిమిషాల్లో తుడిచెయ్యాలి, లేకపోతే జిడ్డు మచ్చ ఎండిపోతుంది.

మామూలు ఎపాక్సీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. పొయ్యి మీంచి దించిన గిన్నె ఆ పెచ్చు మీదా, పగులు మీదా నేరుగా పెట్టొద్దు, కింద చెక్క పీట వెయ్యండి.